ఎండాకాలం నవధాన్యాలు చల్లితే జీవాలు మేసేస్తున్నాయి. మీ ఊళ్లో ఏం కట్టుబాటు పెట్టుకున్నారు?

ముంగారు వాన (శ్రీ సత్యసాయి జిల్లా)
మార్చి 18, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. మాది కదిరి వైపు మెట్ట ఊరు. బోర్లు ఉన్నా నీళ్లు అరకొరే. అందరూ శనక్కాయే వేస్తారు. ఊడలు దిగే టైముకు వాన మొహం చాటేస్తే కట్టె పీకి పశువులకు వేసుకుంటారు. నేను ఊళ్లో ప్రకృతి వ్యవసాయం (రసాయనాలు లేని సాగు) సీఆర్పీగా, అంటే తోటి రైతులకు ఆ పద్ధతులు చూపించే మనిషిగా చేస్తున్నాను, సొంతానికి మూడెకరాలు ఉంది.

వానలు రాకముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి ఉంది కదా, పీఎండీఎస్ అంటున్నాం. దాని గురించే ఈ పోస్టు. ఎలా చల్లాలో తెలుసు, చల్లాక ఎలా కాపాడుకోవాలో తెలియడం లేదు.

పోయినేడు భరణి కార్తెలో పడ్డ వానకే అలసంద, పెసర, సజ్జ, జనుము జానెడు లేచాయి. చుట్టూ కనుచూపు మేర ఎర్రనేల, మధ్యలో మా చేలు మాత్రం పచ్చగా. అదే కొంప ముంచింది. మా ఊరి మేకలు, పక్కూరి గొర్రెలు అన్నీ అక్కడే దిగాయి. తెల్లారి వెళ్లి చూస్తే మొదళ్లు మిగిలాయి. అడిగితే, "ఎండాకాలం బీళ్లలో మేపుకోవడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే, మీరే కొత్తగా పైరు పెట్టారు" అన్నారు. వాళ్లన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

ఈసారి డ్వాక్రా సంఘాలవాళ్లు వాగు ఇవతల ఒకే పట్టున అరవై ఎకరాలు చేద్దామంటున్నారు. అంత చుట్టూ కంప కొట్టలేం. సోలార్ కంచె మా తాహతుకు మించింది. ఊరంతా ఒక మాట మీద ఉంటే తప్ప అయ్యే పని కాదు. ఎక్కడైనా ఇలాంటి కట్టుబాటు పెట్టుకుని నిలబెట్టుకున్నారా?

---

మందకాపరి కొడుకు (కర్నూలు జిల్లా)
మార్చి 18, రాత్రి 8:45

అక్కా, నువ్వు అవతలి మాట కూడా రాశావు కాబట్టి చెబుతున్నా. మా నాయన ఇప్పటికీ రెండొందల గొర్రెలు తోలుతాడు. మార్చి నుంచి జూన్ దాకా మాకు నరకం. కొండ పోరంబోకు చాలావరకు పట్టాలైపోయింది. మీ వైపు ఎన్.పి. కుంటలో సోలార్ పార్కు వచ్చాక ఆ మేర మేత తగ్గింది. మిగిలింది రైతుల బీళ్లే. ఇప్పుడు ఆ బీళ్లు కూడా ఏడాదంతా పచ్చగా ఉంచుతాం అంటున్నారు. నేలకు మంచిదే, కాదనను. మరి జీవాలు ఏం తినాలి?

మీటింగ్ పెట్టినప్పుడు తీర్మానం రాసుకొచ్చి కాపర్లతో సంతకం పెట్టించుకోవద్దు. ముందు వాళ్లనే పిలిచి, ఏ దారిన తోలుతారు, నీళ్లెక్కడ తాగిస్తారు, మధ్యాహ్నం నీడకు ఎక్కడ నిలుపుతారు అని అడగండి. మా దారి మధ్యలో చేను పెట్టి "రావద్దు" అంటే కుదరదు.

ఇంకో మాట. చల్లడానికి ముందు ఆ అరవై ఎకరాల్లో మంద పెట్టించుకోండి. రాత్రికి ఇంత అని ఇచ్చి మంద నిలుపుకోవడం మీ వైపు ఇంకా ఉందనుకుంటా. మీకు ఎరువు, మాకు నాలుగు రూపాయలు. అలా డబ్బు తీసుకున్నవాడు తర్వాత ఆ చేలో జీవాలు తోలడానికి మొహమాటపడతాడు.

---

సందేహం (హైదరాబాద్)
మార్చి 19, ఉదయం 10:20

పల్లెల్లో ఇంత శ్రమ పడుతున్నందుకు గౌరవంతోనే అడుగుతున్నాను. ఈ పద్ధతి పనిచేస్తుందని ఎవరు తేల్చారు? జీరో బడ్జెట్ వ్యవసాయానికి (ఈ ప్రకృతి వ్యవసాయానికి అప్పటి పేరు) శాస్త్రీయ ఆధారాలు సరిపోవని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లోనే ప్రధానికి రాసింది. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, పంటలు దెబ్బతిని, ఆ ఏడాది నవంబరుకే వెనక్కి తగ్గింది. గాల్లో తేమతోనే విత్తనం మొలుస్తుందని ఒక వీడియోలో చూశాను. నమ్మమంటారా?

---

ముంగారు వాన
మార్చి 19, మధ్యాహ్నం 1:30

గాల్లో తేమతో మొలవడం నేనైతే చూడలేదండీ. మా దగ్గర వాన పడితేనే మొలుస్తుంది. మట్టి ఉండలు చుట్టిన విత్తనం ఆ వాన పడేదాకా చీమలకు, పిట్టలకు దక్కకుండా కాచుకుని ఉంటుంది. మా అత్త ఎప్పుడూ అనే మాటే, భరణి కురిస్తే ధరణి పండును. ఆ వాన పడ్డ పొద్దుకు విత్తనం నేలలోనే ఉండాలి. వాన చూసి ట్రాక్టర్ కోసం పరిగెత్తితే పదును ఆరిపోతుంది.

---

పొలంబడి మాస్టారు (విశ్రాంత వ్యవసాయ అధికారి, అనంతపురం)
మార్చి 19, సాయంత్రం 5:55

సందేహం గారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. శ్రీలంక పోలిక మాత్రం నాకు ఒప్పుదల కాదు. అక్కడ ఒక ప్రభుత్వ ఉత్తర్వు రాత్రికి రాత్రి దేశమంతా అమలైంది. మన దగ్గర ఇది ఊరు ఊరుగా వచ్చింది. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2003 ప్రాంతంలోనే పురుగుమందులు మానేశామని చెప్పారు. ఆ తర్వాత సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా మహిళా సంఘాలతో పురుగుమందుల్లేని సాగు పల్లెలకు వెళ్లింది. 2014లో ప్రభుత్వం తరఫున రైతు సాధికార సంస్థ ఏర్పడింది, మరి రెండేళ్లకు ప్రకృతి వ్యవసాయం మొదలైంది. 2024లో లిస్బన్‌లో ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారాన్ని ఈ కార్యక్రమం, మృత్తికా శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థ పంచుకున్నాయి. ఎవరినీ బలవంతపెట్టలేదు. సగం మంది రైతులు ఇప్పటికీ ఒక మడిలో ఇది, ఒక మడిలో అది చేస్తున్నారు.

పనిచేస్తుందా అంటే, ఏది పనిచేస్తోందో విడదీసి చూడాలి. పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్లు. ఎకరాకు పోసే జీవామృతం ఇదే. ఇందులో ఉండే నత్రజనితో పంట పండుతుందంటే నేను ఒప్పుకోను. అలసంద, పెసర, జనుము వేర్ల మీద బుడిపెలు పెట్టి గాల్లోని నత్రజనిని పట్టేస్తాయి. అది పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. దానికి తోడు ఎండాకాలం నేల మీద ఆకు కప్పు ఉంటే మొదటి పెద్దవానకు మట్టి కొట్టుకుపోదు, నీళ్లు లోపలికి ఇంకుతాయి. మన జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లు, అదీ నాలుగైదు గట్టి వానల్లో. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. అలాంటి చోట ఈ రెండూ చిన్నవి కావు. కషాయాల మీద జనం పెట్టే శ్రద్ధలో సగం ఈ ఆకు కప్పు మీద పెడితే బాగుండునని సర్వీసులో ఉన్నన్నాళ్లూ చెప్పాను.

ఆ ఆకు కప్పును కాపాడేది ఊరి కట్టుబాటే. అందుకే ఈ అమ్మాయి అసలు సంగతి పట్టుకుంది.

---

అమ్మమ్మ చేను (అన్నమయ్య జిల్లా)
మార్చి 20, ఉదయం 7:15

మాస్టారు కషాయాల మాట ఎత్తారు కాబట్టి ఒకటి. ఆ పేడ ఎత్తేది, మూత్రం పట్టేది, వేపాకు, సీతాఫలం ఆకు దంచేది, డ్రమ్ములో పొద్దున సాయంత్రం కర్రతో తిప్పేది ఎవరు? మగవాళ్లు ఫోటోకి వచ్చి నిలబడతారు. మా ఊళ్లో సంఘం తరఫున ఇద్దరు ఆడవాళ్లు దుకాణం పెట్టి ఘన జీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు), నీమాస్త్రం (వేపాకుతో చేసే పురుగుల మందు) తయారుచేసి అమ్ముతున్నారు. కొనుక్కోవడం మొదలయ్యాకే మా ఊళ్లో ఎకరాలు పెరిగాయి. అంతకుముందు చేయనివాళ్లంతా సోమరులా? కాదు. ఇంట్లో చేసే ఆడమనిషికి తీరిక లేక మానేశారు.

---

ఘనపురం గట్టు (జనగామ జిల్లా, తెలంగాణ)
మార్చి 20, రాత్రి 9:05

ఏనెబావి మా లింగాల ఘనపురం మండలమే. యాభై చిల్లర కుటుంబాలు, 280 ఎకరాల పైచిలుకు భూమి. 2006లో ఊరు మొత్తానికి రసాయనాలు బంద్ అని చెప్పింది. అప్పటి నుంచి చూడడానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తూనే ఉన్నారు. సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్లు వెనక ఉండి నడిపించారన్నది నిజమే గానీ, ఊరు చిన్నది కావడం పెద్ద కలిసొచ్చిన సంగతి. ఎవరు ఏ బస్తా తెచ్చాడో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

నాలుగొందల గడప ఉన్న ఊళ్లో అది కాదు. అందుకే ఊరంతా అనకుండా, వాగు ఇవతల పట్టు అని మీరు తీసుకున్నది నాకు నచ్చింది. పట్టు చిన్నదైతే కాపలా కూడా చిన్నది.

---

సముద్రపు గాలి (బాపట్ల జిల్లా)
మార్చి 22, ఉదయం 6:50

మా డెల్టాలో కథే వేరు. మాకు నీళ్లు లేక బాధ కాదు, నీళ్లు పోక బాధ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి. ప్రకృతి సాగులో వేసిన వరి పడిపోలేదని తర్వాత వీడియోలు వచ్చాయి. మా పొలాల్లో వరుసల్లో దూరంగా నాటినవి గాలికి కాస్త నిలబడ్డ మాట వాస్తవం. కానీ మూడు రోజులు నీళ్లు నిలిచిన చోట ఏ సాగైనా ఒకటే, గింజ మొలకెత్తింది. మమ్మల్ని కాపాడగలిగింది ఒక్క మురుగు కాలువే. దాంట్లో తూడు, గుర్రపుడెక్క తీయడానికి ఎగువ ఊరు, దిగువ ఊరు ఒక మాట మీదకి రాలేదు. మీకు మేకలు ఎలాగో మాకు డ్రెయిను అలా.

---

కౌలు కార్డు (పల్నాడు)
మార్చి 22, మధ్యాహ్నం 2:40

ఇంతమంది రాశారు, ఒక్కరూ కౌలు ఎత్తలేదు. నేను ఏడెకరాలు కౌలుకు చేస్తాను. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుందంటారు. నాకు ఈ చేను వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకు. దానికి కూడా యజమాని సంతకం పెట్టాలి, చాలామంది పెట్టరు. ఆ ఒప్పందం మీద ఇచ్చే కౌలు కార్డు లేకపోతే బ్యాంకు లోను, బీమా అన్నీ తిప్పలే. ఎండాకాలం నవధాన్యాలు చల్లమంటారు. మా వైపు కౌలు మాట్లాడేదే ఉగాది దాటాక, ఒక్కోసారి జూన్‌లో. చల్లాల్సిన రోజున ఆ చేను ఎవరిదో ఎవరికీ తెలియదు.

అక్కా, మీ అరవై ఎకరాల్లో కౌలుది ఎంత?

---

ముంగారు వాన
మార్చి 22, రాత్రి 8:20

మంచి ప్రశ్న అన్నా. పదిహేను ఎకరాల దాకా ఉంటుంది. ఇద్దరు యజమానులు బెంగళూరులో ఉంటారు. వాళ్లకు ఫోన్ చేసి, కౌలు ఈ నెలలోనే తేల్చండి, కనీసం రెండేళ్లు ఒకరికే ఇవ్వండి అని అడిగాం. ఒకాయన సరేనన్నారు. ఇంకొకాయన చూద్దాం అన్నారు, అంటే ఏమిటో మనకు తెలిసిందే.

---

నీళ్ల లెక్క (ప్రకాశం జిల్లా)
మార్చి 24, ఉదయం 11:00

ఊరి కట్టుబాటు ఎంతకాలం నిలుస్తుందో అడిగితే నాకు గుర్తొచ్చేది మా బడి గోడ. 2003 తర్వాత కొన్నేళ్లు ఏడు కరువు జిల్లాల్లో భూగర్భజలాలను రైతులే చూసుకునే పథకం నడిచింది. డబ్బు నెదర్లాండ్స్‌ది, నడిపింది ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. ఊళ్లో వానమాపకం పెట్టారు. ఎంపిక చేసిన బోర్లలో నీటి మట్టం పదిహేను రోజులకోసారి మేమే కొలిచేవాళ్లం. లెక్కంతా గోడ మీద రాసేవాళ్లం. రబీకి ముందు అందరం కూర్చుని, నేలలో ఇన్ని నీళ్లున్నాయి, మీరు అనుకుంటున్న పంటలకు ఇన్ని కావాలి, తేడా ఇంత అని చూసుకునేవాళ్లం. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గోడ మీద అంకె చూసి కొందరు తమంతట తామే వరి తగ్గించి శనగ, ధనియాలకు వచ్చారు.

పథకం అయిపోయింది. కొన్నాళ్లు మేమే రాశాం. తర్వాత బడికి సున్నం వేశారు, గోడ తెల్లగా అయింది, ఎవరూ మళ్లీ రాయలేదు. బోర్లకు బోర్లు పోటీగా దిగాయి. బోర్లను అదుపు చేయాల్సిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, ఎవరు చూడొచ్చారు? అదే అనంతపురంలో కొన్ని ఊళ్లలో బోరున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి పైపులైన్లు కలుపుకుని, కొత్త బోరు వేయం అని రాసుకున్నారు. బోరు లేనివాడి శనక్కాయకు బెట్టలో ఒక రక్షక తడి దక్కుతుంది. బోరున్నవాడికి పక్కనే కొత్త బోరు పడదన్న ధైర్యం. ఇద్దరికీ లాభం ఉంది కాబట్టి నిలబడింది.

మీ మేకల ఒప్పందంలో కాపరికి ఏం దక్కుతుంది? అది ముందు తేల్చండి. మిగతాదంతా కాగితమే.

---

ముంగారు వాన
ఏప్రిల్ 6, ఉదయం 6:30

ఉగాది దాటాక రచ్చకట్ట దగ్గర కూర్చున్నాం. సంఘాల ఆడవాళ్లు, రైతులు, మా ఊరి కాపర్లు ఆరుగురు, పక్కూరివాళ్లు ఇద్దరు. గంటన్నర తిట్లతోనే సరిపోయింది. పోయినేడు ఎవరి మేకను ఎవరు కొట్టారు అన్నది మొదట తేలాలి కదా.

తేలింది చెబుతా. చెరువు కింది బీడు, దానికి పోయే బండి దారి రెండూ జీవాలకు వదిలేశాం. అక్కడ ఎవరూ ఏమీ చల్లరు. ఆ దారి వెంబడి ఉన్న చేలకు మాత్రం తుమ్మ కంప కొడతాం, కూలి ఎవరి చేనుకు వాళ్లది. ఉగాది ముందే రెండు మందలు వాగు ఇవతల నిలిపారు, ఆ డబ్బు సంఘం అప్పుగా ఇచ్చింది, రైతులు పంట మీద కట్టాలి. ఇక అసలైన పేచీ: పైరు లేచాక ఆ పచ్చి ఎవరిది? రైతులేమో కోసి నేల మీదే పరుస్తాం అంటారు, కాపర్లేమో అంత మేత కళ్ల ముందు ఎండబెడతారా అంటారు. చివరికి సగం చేను కోసి పరిచేట్టు, సగం కోసి ఊరి జీవాలకు ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. చేలోకి తోలడం లేదు, కోసి మోయడమే.

మందకాపరి కొడుకు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే కాపర్లను ముందు మాట్లాడనిచ్చాం. వాళ్లలో పెద్దాయన మా విత్తనాల మూట విప్పి చేత్తో కలిపి చూసి, "ఇందులో జొన్న ఉందేంటి? వాన ఆగితే నాము అవుతుంది, నా జీవాలు చస్తాయి" అన్నాడు. ఇన్ని ట్రైనింగులకు పోయాం, ఒక్క మాస్టర్ ట్రైనరూ ఈ మాట చెప్పలేదు.

---

పొలంబడి మాస్టారు
ఏప్రిల్ 6, ఉదయం 9:10

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బెట్టకు వాడిన లేత జొన్న పిలకల్లో సయనైడ్ విషం ఎక్కువ. ఆకలి మీదున్న జీవం మేస్తే నిమిషాల్లో పడిపోతుంది. మేతకు ఇద్దామనుకున్న సగంలో జొన్న తీసేసి సజ్జ, కొర్ర పెంచండి. సజ్జలో ఆ భయం లేదు. జొన్న కావాలంటే శనక్కాయ వేసేటప్పుడు చేను చుట్టూ ఒత్తుగా నాలుగు సాళ్లు వేసుకోండి. 2000 సంవత్సరంలో మన జిల్లా శనక్కాయను కాండం కుళ్లు వైరస్ ఊడ్చేసింది గుర్తుందిగా. వయ్యారిభామ కలుపు నుంచి తామర పురుగులు మోసుకొచ్చాయి. గాలికి కొట్టుకొచ్చే ఆ పురుగులను అడ్డుకోవడానికి జొన్న, సజ్జ గట్టు సాళ్లు అప్పుడే చెప్పాం.

---

జొన్నకర్ర (జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా)
ఏప్రిల్ 8, రాత్రి 7:30

మా జొన్నను తీసేయమంటున్నారేంటి మాస్టారూ! (ఊరికే అన్నాను, నాము సంగతి మా వాళ్లకూ తెలుసు.)

మా పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల అమ్మలు ఎకరంలో పది పన్నెండు రకాలు కలిపి వేస్తారు. వాళ్లకు ఇదేం కొత్త స్కీము కాదు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది, 2008 నుంచి సొంత రేడియో కూడా ఉంది. ఒక ఏడాది వాన ఎగ్గొడితే ఏదో ఒక రకమైనా చేతికొస్తుంది.

మీరు ఒక్కటి చూసుకోండి అక్కా. విత్తనం ఎక్కడి నుంచి తెస్తున్నారు? ఏటా బయటి నుంచి కిట్టు వస్తుందని కూర్చుంటే, కిట్టు లేటయిన ఏడాది భరణి దాటిపోతుంది. మా దగ్గర విత్తనం కావాలన్నవాళ్లకు ఇస్తారు, పంట వచ్చాక అంతకు రెట్టింపు తిరిగిస్తారు. బుట్టలో బూడిద, వేపాకు వేసి, పైన పేడ, మట్టి మెత్తి దాస్తారు. ఎవరింట్లో ఏ రకం ఉందో ఆ వాడలో ఆడవాళ్లందరికీ నోటికే తెలుసు.

---

కొత్త మడక (నంద్యాల జిల్లా)
ఏప్రిల్ 9, ఉదయం 8:00

నేను ఈ ఏడాదే మొదలుపెడుతున్నాను. విత్తనాలకు మట్టి ఉండలు చుట్టడం ఎలాగో కొంచెం వివరంగా ఎవరైనా చెబుతారా? నేను చుట్టినవి ఎండాక పగిలిపోతున్నాయి.

---

అమ్మమ్మ చేను
ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:45

ఎండలో ఆరబెడుతున్నారేమో. నీడలోనే ఆరాలి. పద్ధతి ఇది. గోనె పట్టా మీద విత్తనాలు పోసి బీజామృతం (విత్తనాలకు పట్టించే పేడ, మూత్రం ద్రావణం) చిలకరించి చేత్తో ఆడించండి. తడి ఎక్కువైతే ముద్దవుతుంది, విత్తనం మెరిస్తే చాలు. దాని మీద మెత్తగా జల్లెడ పట్టిన బంకమట్టి పొడి చల్లి, పట్టా రెండు కొసలు పట్టుకుని ఇద్దరు అటూ ఇటూ ఊపాలి. మళ్లీ కొంచెం బీజామృతం, ఈసారి ఘన జీవామృతం పొడి. చివర బూడిద. గింజ దాని సైజుకు రెండింతలైతే సరి. కొర్ర, సామ లాంటి సన్న గింజలు విడిగా చేయండి. పెద్ద గింజలతో కలిపితే వాటికే అతుక్కుపోతాయి.

ఎకరాకు పది పన్నెండు కిలోల మిశ్రమం సరిపోతుంది. చల్లాక గుంటక ఒకసారి తిప్పి, శనక్కాయ పొట్టో చెత్తో ఏది దొరికితే అది పైన కప్పండి.

---

ముంగారు వాన
జూన్ 14, రాత్రి 9:40

చాలామంది ఏమైందని మెసేజ్ పెట్టారు. అరవై అనుకున్నది నలభై దాటలేదు. బెంగళూరు యజమాని చూద్దాం అన్నది చివరిదాకా చూడనే లేదు, ఆ ముక్క బీడుగానే ఉంది. ఇంకొందరు కంప కొట్టే రోజు రాలేదు.

వాన మేలో పడింది. మొలక బాగుంది, అలసంద అన్నిటికంటే ముందు లేచింది, ఆముదం అక్కడక్కడే. మా ఊరి మందలు మాట తప్పలేదు. ఒక పిల్లాడు రెండు మేకలు తోలితే వాళ్ల తాతే కొట్టాడు. కానీ మే చివర్లో కర్ణాటక వైపు నుంచి పెద్ద మంద ఒకటి రాత్రిపూట వచ్చి ఉత్తరం కొసన నాలుగెకరాలు నున్నగా చేసి పోయింది. వాళ్లకు మన కట్టుబాటు ఏం తెలుసు? బందెల దొడ్డిలో పెడదామని కుర్రాళ్లు ఎగిరారు. మా ఊరి దొడ్డి ఎప్పుడో కూలిపోయి అంగన్‌వాడీ అయింది.

మిగతా చేను పోయిన వారం కోశాం. కోసి పరిచిన చోట గుంటక ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా, ముద్దగా ఉంది. పక్క బీడులో అదే లోతున గడ్డపలుగు దిగడం లేదు. ఇప్పుడు అందులోనే శనక్కాయ, కంది విత్తుతున్నాం.

---

సందేహం
జూన్ 15, ఉదయం 9:30

మీరు దాచకుండా రాసినందుకు థాంక్స్. నేల చల్లగా ఉందంటే నమ్ముతాను. దిగుబడి మాత్రం కొలిచి చెప్పండి. ఒకే రైతు, ఒకే విత్తనం, ఒకే రోజు విత్తిన చేలో నవధాన్యాలు వేయని ఒక పట్టీ పక్కనే ఉండాలి. రెండింటిలో 5 మీటర్ల చదరాలు కొలిచి, కాయ ఎండాక తూచండి. ఖర్చు కూడా రాయండి, కంప కొట్టిన కూలితో సహా. తక్కువ వచ్చినా పెట్టండి.

---

ముంగారు వాన
జూన్ 15, రాత్రి 8:15

ఇద్దరు అక్కలు తమ చేలో పట్టీ వదలడానికి ఒప్పుకున్నారు. ఒకామె చేను పల్లం, ఒకామెది మిట్ట. అక్టోబరులో పీకినప్పుడు తూచి ఇక్కడే రాస్తాం. మాస్టారూ, ఆ రోజు మీరు వస్తే మాకు ధైర్యం.

---

పొలంబడి మాస్టారు
జూన్ 15, రాత్రి 9:00

వస్తానమ్మా. తూకం కాటా నేనే తెస్తాను.

---

మందకాపరి కొడుకు
జూన్ 16, ఉదయం 5:50

అక్కా, ఆ కర్ణాటక మందలు ఏటా ఒకే దారిన వస్తాయి. హిందూపురం దాటాక రెండు చోట్ల నీళ్లకు ఆగుతారు. వాళ్ల పెద్దలు మా నాయనకు తెలుసు, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. వచ్చే ఏడాది ఉగాదికే మాట్లాడిద్దాం. మీ చేలలో మంద పెట్టించుకునే పని వాళ్లకు కూడా కొంత ఇవ్వండి, దారి మార్చుకుంటారేమో అడిగి చూస్తా. ఎన్ని రాత్రులు, ఎన్ని ఎకరాలు, రాత్రికి ఎంత అన్నది మీ సంఘంలో మాట్లాడి చెప్పు.